ప్రేమికుల రోజు గులాబీ ఎండిపోతే కీడా?

ఫిబ్రవరి 14 దాటిన పది పదిహేను రోజులకి కడియపులంకలో మా నర్సరీకి ఫోన్లు మొదలవుతాయి. "బాబాయ్, తనకిచ్చిన గులాబీ మొక్క ఎండిపోతోంది. మాకేమైనా కీడంటారా?" అని. పాపం, గొంతులోనే తెలిసిపోతుంది, రాత్రంతా నిద్రపోలేదని. కీడూ లేదు, పాడూ లేదు. దాన్ని చంపేది మీరు పోసే నీళ్లే.

పూలున్న మొక్కని తీసుకెళ్లి హాల్లో టీవీ పక్కన పెడతారు. పూటకో చెంబు పోస్తారు. కుండీ అడుగున చిల్లుందో లేదో చూడరు. గులాబీకి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. పైమట్టిలో వేలు పెడితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి. మన డెల్టా ఒండ్రుమట్టి వరికి బంగారమే గానీ కుండీలో గులాబీ వేళ్లకి ఊపిరాడనివ్వదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చిపేడ మాత్రం వెయ్యకండి.

ఇంకొందరికి మొక్క ఏపుగా పెరుగుతుంది, పువ్వే రాదు. పోయినేడు కాకినాడ అబ్బాయొకడు వీడియో కాల్‌లో చూపించాడు. అంటు ముడి, అంటే రెండు మొక్కల్ని కలిపి కట్టిన చోటు, దాని కింద నుంచి బారెడు కొమ్మ లేచింది. అది అంటు కట్టేటప్పుడు కింద వేరుమొక్కగా వాడే మొండిజాతి గులాబీది. వదిలేస్తే బలమంతా అదే లాగేసుకుని పైనున్న రకాన్ని ఎండగట్టేస్తుంది. మొదలంటా పీకెయ్ బాబూ అంటే, "పచ్చగా ఉంది కదండీ, తను తిడుతుందేమో" అని నసుగుతాడు. చివరికి ఆ అమ్మాయికే చెప్పాను. రెండో మాట లేకుండా పీకేసింది.

నీలం గులాబీ అంటారా, తెల్లపువ్వుకి రంగు ఎక్కించిందే. జపాన్‌లో సంతోరీ కంపెనీ జన్యుమార్పిడితో తయారుచేసి 2009లో అమ్మకానికి పెట్టినది కూడా లేత ఊదా రంగే. పొడుగు కాడల డచ్ గులాబీలు మా కడియంలో పండవు. ఎక్కువగా బెంగళూరు, హోసూరు పాలీహౌసుల (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్ల) నుంచి వస్తాయి. పూల ధరలకి ప్రేమికుల్నే తిట్టకండి, మాఘమాసం పెళ్లిళ్లూ అప్పుడే.

ప్రేమికుల రోజుకి పేరిచ్చిన వాలెంటైన్ దొంగచాటుగా సైనికులకి పెళ్లిళ్లు చేశాడన్నది తర్వాత అల్లిన కథ. ఆయన మూడో శతాబ్దపు రోమన్ క్రైస్తవ అమరుడు. ఆ రోజుని జోడీలతో ముడిపెట్టిన తొలి రాతల్లో ఒకటి 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి ఛాసర్‌ది, అదీ పక్షుల జోడీల గురించి. ఇక ఫిబ్రవరి 14న భగత్ సింగ్‌ని ఉరితీశారని ఏటా వాట్సాప్‌లో తిప్పేవాళ్లకి ఒక దండం. ఉరితీసింది 1931 మార్చి 23న.

13వ తేదీ సాయంత్రం మొక్క కొనడానికి వస్తే విరిసిన పూలు లెక్కపెట్టకండి. మొగ్గలు, కొత్త చిగుళ్లు, అంటు ముడి చూసుకోండి. ఇంటికెళ్లీ వెళ్లగానే కవరు కోసెయ్యకుండా, వారం రోజులు పొద్దుటెండ తగిలేచోట ఉంచి అప్పుడు కుండీలోకి మార్చండి.