క్యాన్సర్ రీసెర్చ్ చేసే డాక్టర్లు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో క్యాన్సర్ డాక్టర్‌ని, రీసెర్చ్ కూడా చేస్తా. మన చిత్తూరు సైడ్ పేషెంట్లు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు తరచూ అడిగేవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: రీసెర్చ్ డాక్టరంటే ల్యాబ్‌లోనే ఉంటాడు, పేషెంట్లను చూడడు.

వాస్తవం: అసలు ప్రశ్న పుట్టేదే ఓపీలో. ఒకే స్టేజ్, ఒకే కీమో, పుంగనూరు ఆయనకి గడ్డ కరిగింది, పీలేరు ఆయనకి కరగలేదు, ఎందుకు? ఇది పేషెంట్‌ని చూడకుండా ఎట్లా తడుతుంది చెప్పండి. ఎంబీబీఎస్, ఎండీ, డీఎం అయ్యేసరికే పదకొండేళ్ళు దాటిపోతాయి, రీసెర్చ్ ట్రైనింగ్ ఆ పైన.

అపోహ: "మా నాయన మింద మందులు టెస్ట్ చేస్తారా సామీ?"

వాస్తవం: ఈ భయం నాకు అర్థమవుతుంది, కోప్పడను. పేషెంట్ల భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోందే ట్రయల్ (కొత్త మందు పరీక్ష) మొదలవదు, 2009 నుంచి సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ నమోదు చేసే ప్రభుత్వ జాబితాలో, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. మంచి ట్రీట్‌మెంట్ ఉన్న జబ్బులో ఎవరికీ మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి వదిలేయరు, కొత్త మందు రానివాళ్ళకి ఇప్పుడున్న ట్రీట్‌మెంట్ ఇస్తారు. మధ్యలో వద్దనుకుంటే వచ్చేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు. కొత్త మందు పనిచేయకపోవచ్చు, సైడ్ ఎఫెక్ట్స్ రావొచ్చు, అది కూడా ముందే చెప్పాలి. తెలుగులో ఉన్న కన్సెంట్ పేపర్ ఇంటికి తీసుకెళ్ళి చదివించుకోండి, తొందరపడి సంతకం పెట్టొద్దు.

అపోహ: కొత్తగా కనిపెట్టడమంటే కోట్ల ఖరీదు మందే.

వాస్తవం: ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. నోరు, గొంతు క్యాన్సర్ ముదిరినవాళ్ళకి ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (మన ఒంట్లో రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేట్టు చేసే) ఇంజెక్షన్‌ని మూడు వారాలకి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు, మామూలు డోసు రెండు వారాలకే 240. దాంతోపాటు చవక మాత్రలు. మాత్రలొక్కటే వాడినవాళ్ళలో ఏడాదికి బతికున్నది 16 శాతం, ఇంజెక్షన్ కలిపితే 43 శాతం! తక్కువ డోసుతో పనవుతుందా అని మందు అమ్ముకునే కంపెనీ ఎందుకు అడుగుతుంది, డబ్బుల్లేక వైద్యం మానేసే పేషెంట్‌ని రోజూ చూసే డాక్టరే అడగాలి. ఆ మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ 1940లలో తయారుచేసిన మందు.

అపోహ: క్యాన్సర్‌కి మందు కనిపెట్టి దాచేశారు.

వాస్తవం: క్యాన్సర్ ఒక్క జబ్బు కాదు, అన్నిటికీ ఒకే మందు ఉండదు. దొరికినవి దాచలేదు, సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కి 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర రోజూ వేసుకుంటూ ఏళ్ళ తరబడి పనికి పోతున్నవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు.