పరిషత్తు నాటికలు చూడబోయే ముందు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు సెలవులకు తెనాలి వచ్చే వారంలోనే ఇక్కడ నాటికల పోటీలు ఉన్నాయి. "టికెట్ ఎంత తాతయ్యా?" అని ఫోన్లో అడిగారు. టికెట్ లేదు. మరి డబ్బెవరిస్తారని వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. అది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఈ పోటీలు పెట్టేది పరిషత్తు. పరిషత్తంటే ఊళ్లో నాటకాల పిచ్చి ఉన్న కొందరు కలిసి పెట్టుకున్న సంఘం. బట్టల కొట్టాయన, రిటైరైన మేష్టారు, బ్యాంకు ఉద్యోగి, ఇలాంటివాళ్లే ఉంటారు. చందాలు పోగుచేస్తారు, సావనీరు (అంటే ప్రత్యేక సంచిక) వేసి అందులోకి ప్రకటనలు పట్టుకొస్తారు. వినాయక చవితికి అడగ్గానే ఇచ్చే దుకాణాలవాళ్లే నాటకం పేరెత్తితే "రేపు రండి" అంటారు. ఆ రేపటి కోసం ఎండలో తిరిగేవాళ్ల పేర్లు మైకులో వినబడవు.

నాటక సమాజాలు విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ కూడా వస్తాయి. వాళ్లూ పగలు ఉద్యోగాలు చేసి, సాయంత్రాలు రిహార్సల్ వేసుకునేవాళ్లే. ఒక్కో నాటిక గంట అటూ ఇటూగా ఉంటుంది. నటీమణులు తక్కువ కాబట్టి ఒకే ఆవిడ రెండు మూడు సమాజాల్లో వేస్తుంది. ఇవాళ తల్లిగా ఏడిపించిన మనిషే రేపు గయ్యాళి అత్తగా వస్తే ఆశ్చర్యపోకండి. తెర పడ్డాక లోపల జరిగేది కూడా నాకు నాటకమే. ఒక ఇంటి సెట్టు విప్పేసి, మరో సమాజం వాళ్ల పోలీస్ స్టేషనో పొలం గట్టో నిలబెట్టాలి. లైట్ల ఆయన్ని కదిలించకండి, అప్పుడాయన టెన్షన్లో ఉంటాడు.

బహుమతులు నటులకే కాదు. రచన, దర్శకత్వం, సంగీతం, ఆహార్యం (అంటే మేకప్, దుస్తులు), రంగాలంకరణ (అంటే స్టేజీ మీద సెట్టు), అన్నిటికీ ఇస్తారు. విలన్‌కీ చాలాచోట్ల ఉంటుంది. న్యాయనిర్ణేతలు జనం మధ్యే కూర్చుంటారు, వాళ్ల వెనక గుసగుసలు వద్దు. నాకు నచ్చనిదల్లా నాటికల ముందు జరిగే సన్మాన సభ. శాలువాలు అయ్యేసరికి పిల్లలు నిద్రపోతారు.

ఇదంతా మన ఊరికి కొత్త కాదు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. ఇక్కడి రామవిలాస సభ అనే నాటక సమాజంలో వేషాలు వేసిన స్థానం నరసింహారావు గారు మగవారు, కానీ సత్యభామగా పేరు మోగింది ఆయనకే. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడం అరుదైన కాలం అది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పద్య నాటకంలో పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు, కథ అక్కడే ఆగి, చచ్చిపోతున్న పాత్ర కూడా లేచి మళ్లీ పాడేది! మీరు చూడబోయేవి సాంఘిక నాటికలు, అలా అరవకూడదు. చప్పట్లు మాత్రం ఎన్నైనా కొట్టొచ్చు.

మధ్యాహ్నం కాసేపు పడుకోండి, చివరి నాటిక అయ్యేసరికి బాగా పొద్దుపోతుంది. పెద్దాడికి ఓపికుంటే కుర్చీలు వేయడానికి నాతో ముందే రావచ్చు, మావాళ్లకు ఎప్పుడూ చేతులు చాలవు.

మీ తాతయ్య