ఫర్నేస్ ఆగిందంటే ఏదో చూసే ఆగింది

చిరంజీవులైన పిల్లలందరికీ పెదనాన్న ఆశీస్సులు.

మిషిగన్‌లో జనవరి చలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి రాత్రి ఇంట్లో వేడి ఆగిపోతే అమ్మానాన్నలు ముందు గోడ మీద వేడిని సెట్ చేసే థర్మోస్టాట్ చూస్తారు, తర్వాత ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ ఉన్న బేస్‌మెంట్‌లోకి దిగుతారు. మీరూ వెనకాలే వెళ్లండి. దేన్నీ ముట్టుకోకండి కానీ కళ్లప్పగించి చూడండి. ఏం చూడాలో చెబుదామనే ఈ ఉత్తరం.

మన ఊళ్లో అమ్మమ్మ పొయ్యి వెలిగించి పక్కనే ఉంటుంది. గాలికి మంట ఆరితే చటుక్కున గ్యాస్ కట్టేస్తుంది. అర్ధరాత్రి తనంతట తానే వెలిగే ఫర్నేస్ దగ్గర అలా ఎవరుంటారు? అందుకే ఆ కాపలా కొన్ని స్విచ్చులకు అప్పజెప్పారు. వాటిలో ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా గ్యాస్ వాల్వ్ తెరుచుకోదు.

థర్మోస్టాట్ వేడి కావాలని అడగగానే మంట రాదు. ముందు ఒక చిన్న ఫ్యాన్ బుయ్యిమని తిరుగుతుంది. లోపల మిగిలిన గ్యాస్, పొగ ఏమైనా ఉంటే బయటికి లాగేయడం దాని పని. గాలి నిజంగా కదులుతోందా అన్నది ప్రెషర్ స్విచ్ చూస్తుంది. అది సరేనంటేనే మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, ఆ తర్వాతే వాల్వ్ తెరుచుకుని బర్నర్లు అంటుకుంటాయి. అర నిమిషం పైచిలుకు గడిచాక బ్లోవర్ అనే పెద్ద ఫ్యాన్ మొదలై గదుల్లోకి వెచ్చని గాలి వస్తుంది. ఈ వరస ఒకసారి చెవులతో విని గుర్తుపెట్టుకోండి. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పగలిగితే రిపేరుకు వచ్చినవాళ్లకు సగం పని తగ్గుతుంది.

వీటన్నిటిలో నాకు చాలా ఇష్టమైనది ఫ్లేమ్ సెన్సర్. చూడ్డానికి మంటలోకి చాచిన సన్నని లోహపు కడ్డీ, అంతే. మంట గుండా కరెంటు పారుతుందని మీకు తెలుసా? మంటలో విద్యుదావేశం ఉన్న కణాలుంటాయి. కడ్డీకి ఏసీ కరెంటు ఇస్తే, అది మంట దాటి బర్నర్ వైపు ఎక్కువగా, తిరిగి చాలా తక్కువగా పారుతుంది. కడ్డీ చిన్నది, బర్నర్ పెద్దది కావడమే కారణం. అలా ఒకవైపే మిగిలే కరెంటు కొన్ని మైక్రో ఆంపియర్లు మాత్రమే. ఒక ఆంపియర్‌ను పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి మైక్రో ఆంపియర్! ఫర్నేస్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు వెతికేది దాని కోసమే. అది కొన్ని సెకన్లలో కనబడకపోతే మంట లేదని తేల్చి గ్యాస్ కట్టేస్తుంది. కడ్డీ మీద ఏళ్ల తరబడి సన్నని పొర పేరుకుంటే మంట ఉన్నా కరెంటు అందదు. అప్పుడు బర్నర్లు వెలుగుతాయి, నాలుగైదు సెకన్లకు ఆరిపోతాయి, మళ్లీ వెలుగుతాయి. కొన్నిసార్లు ప్రయత్నించాక బోర్డు ఇక చాలని కాసేపు పూర్తిగా ఆగిపోతుంది. ఇదీ జాగ్రత్తే, మొండితనం కాదు. పవర్ తీసేసి సన్నని స్టీల్ ఊల్‌తో ఆ కడ్డీని తుడిస్తే తరచూ సరిపోతుంది. ఆ పని తెలిసిన పెద్దవాళ్లే చేయాలి.

బ్లోవర్ తిరుగుతూనే ఉంది, వచ్చే గాలి మాత్రం చల్లగా ఉంది అంటే ముందు ఫిల్టర్ తీయించి చూడండి. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక లోపల వేడి పెరిగిపోతుంది, హద్దు దాటిన వేడిని కనిపెట్టే లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. దాని అంచున ఉన్న బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు, అంటే ఫర్నేస్ వైపుకు ఉండాలి.

ఫర్నేస్ గాలి, పొగ కోసం గోడలోంచి బయటికి తెల్లని ప్లాస్టిక్ గొట్టాలున్న ఇళ్లలో, మంచు బాగా పడ్డ రోజు వాటి మూతులు పూడిపోవచ్చు. ఫర్నేస్‌లోంచి నీళ్లు పోయే సన్నని గొట్టం మూసుకుపోయినా అంతే, ప్రెషర్ స్విచ్ ఒప్పుకోదు. ఆ మంచు తీయడానికి మీరూ పెద్దవాళ్లతో వెళ్లండి.

ఇంకో మాట. ఫర్నేస్ తలుపులో చిన్న అద్దంలోంచి ఒక లైటు మిణుకుమంటూ కనిపిస్తుంది. ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. దాని అర్థం చాలావాటిలో తలుపు లోపలి పట్టికలో ఉంటుంది. తలుపు తీయగానే డోర్ స్విచ్ పవర్ ఆపేస్తుంది కాబట్టి ముందు లెక్క, తర్వాతే తలుపు. ఫర్నేస్ పక్కన మామూలు లైట్ స్విచ్‌లా ఉండే దాని పవర్ స్విచ్‌ను ఎవరైనా పొరపాటున ఆపేశారేమో కూడా చూడండి.

రోలౌట్ స్విచ్ విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. మంట ఉండాల్సిన చోట ఉండకుండా బయటికి ఎగదన్నితే అది కరెంటు తెంచి ఫర్నేస్‌ను ఆపేస్తుంది. చాలావాటికి నడిమధ్య, మళ్లీ కలిపే చిన్న బొత్తాం ఉంటుంది. మళ్లీ మళ్లీ దాన్ని నొక్కడం, లేదా వైరు ముక్కతో స్విచ్చును దాటించి ఫర్నేస్ నడపడం ఎవరు చేసినా తప్పే. పొగగొట్టం మూసుకుపోయిందో, లోపలి రేకు పగిలిందో, తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా దుప్పట్లు కప్పుకుని కూర్చోండి.

1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్‌లో బడి కింద చేరిన గ్యాస్ పేలింది. 300 మందికి దగ్గరగా పిల్లలూ టీచర్లూ పోయారు. ఆ గ్యాస్‌కు వాసన లేదు, ఎవరూ పసిగట్టలేకపోయారు. ఆ తర్వాతే గ్యాస్‌లో ఘాటైన వాసన కలపాలని అక్కడ చట్టం వచ్చింది. కుళ్లిన గుడ్ల కంపు కొడితే ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి. ఇంట్లో ఫోన్ కూడా చేయకండి. అందరూ బయటికి వచ్చాకే అత్యవసర నంబరు 911కు చేయండి.

మంట సరిగ్గా మండకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు అలాంటి వాసన కూడా లేదు. మన రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతున్నాయంటే జ్వరమనుకోకండి. ఆ వాయువును పసిగట్టే అలారం మోగినా, మోగకపోయినా బయటికి నడవండి.

ఆ అలారం మీరు పడుకునే గదుల దగ్గర ఉండాలి. చాలావాటిని ఏడు నుంచి పదేళ్లలో మార్చేయాలి. ఈ శనివారం నాన్నతో దాన్ని కిందికి దింపించి, వెనక ఉన్న తేదీ చదివి, టెస్ట్ బొత్తాం నొక్కి, ఏం తేలిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ పెదనాన్న