ట్యాంకులో బంతి, స్పిట్‌ఫైర్‌కు దగ్గు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ ముక్కు దించగానే ఇంజను దగ్గి ఆగిపోయేదట, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. అంత పేరున్న విమానానికి అదేం రోగం అంటారా? మీ మేడ మీద నీళ్ల ట్యాంకు మూత తీసి చూడండి.

ముందు విమానం సంగతి గబగబా చెప్పేస్తాను. గీసింది ఆర్.జె. మిచెల్. మొదటిసారి ఎగిరింది 1936 మార్చి 5న. మరుసటి ఏడే, 42 ఏళ్లకే, ఆయన క్యాన్సర్‌తో పోయాడు. తొలి రకానికి 27 లీటర్ల, 12 సిలిండర్ల రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను, వెయ్యి పైచిలుకు హార్స్‌పవర్, గంటకు 580 కిలోమీటర్ల వేగం. రెక్కల్లో 8 మెషీన్ గన్‌లు, ఒక్కోదానికి 300 తూటాలు. మీట నొక్కి పట్టుకుంటే పదిహేను, పదహారు సెకన్లలో అన్నీ ఖాళీ. ఆ రెక్కల అందం గురించి చాలామంది రాశారు, నేను వదిలేస్తున్నా. నా ప్రాణమంతా పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్ మీదే.

ట్యాంకులో ప్లాస్టిక్ బంతి ఉంటుంది కదా. నీళ్లు తగ్గితే అది కిందికి దిగి వాల్వు తెరుస్తుంది, నిండితే పైకి లేచి మూసేస్తుంది. కార్బొరేటర్‌లోనూ అంతే. ఒక చిన్న గిన్నె, అందులో ఫ్లోటు, దానితో కదిలే సూది వాల్వు. గిన్నె అడుగున జెట్టు అనే సన్న రంధ్రం, ఇంజనుకు పెట్రోలు పోయే దారి అదే. పాత బైకుల మెకానిక్కును అడిగి చూడండి: ఫ్లోటు ఇరుక్కుంటే ఓవర్‌ఫ్లో అయి, ప్లగ్గు తడిసి, కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పెట్టడమే మిగులుతుంది.

ఇప్పుడు జెయింట్ వీల్ ఎక్కండి. పైనుంచి దిగేటప్పుడు కడుపు గొంతులోకి వచ్చినట్టుంటుంది. ముక్కు దించడానికి పైలట్ స్టిక్కును గట్టిగా ముందుకు తోస్తే అంతకు మించి: బెల్టు లేకపోతే తల వెళ్లి పైకప్పుకు కొట్టుకుంటుంది. బరువెప్పుడూ నేలవైపే అని బళ్లో బట్టీ పట్టించారు గానీ, ఆ క్షణాన విమానంలో ఉన్నవాటికి ‘కింద’ అంటే పైకప్పే. పెట్రోలు గిన్నె మూతకు అతుక్కుంటుంది. అడుగున ఉన్న జెట్టుకు చుక్క అందదు. ఇది మొదటి దగ్గు.

అసలు తమాషా తర్వాత. పెట్రోలు పైకి పోతే, దానికన్నా తేలికైన ఫ్లోటు ఎటు తేలాలి? అడుగుకు! బంతి అడుగుకు దిగిందంటే గిన్నె ఖాళీ అనే కదా లెక్క. వాల్వు బార్లా తెరుచుకుంటుంది, పంపు బలమంతా పెట్టి తోస్తుంది, ఇంజను తాగగలిగినదానికన్నా ఎక్కువ వచ్చి పడుతుంది. నల్లటి పొగ, పొలమారిన ఇంజను. ఇది రెండో దగ్గు, మొదటిదానికన్నా చెడ్డది.

జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109కి ఈ బాధ లేదు, దానిది ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే పెట్రోలును పంపుతో నేరుగా సిలిండర్లలోకి చిమ్మే పద్ధతి. తరుముతుంటే ముక్కు దించి జారిపోయేది. వెనక స్పిట్‌ఫైర్ మాత్రం, పెట్రోలు గిన్నె అడుగునే ఉండాలంటే, ముందు తలకిందులుగా తిరిగి, అప్పుడు స్టిక్కు లాగి దిగాలి. ఈలోగా దొంగ వీధి దాటేస్తాడు. నిజాం విరాళానికి గుర్తుగా హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ కూడా 1940లో ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఈ విమానాలతోనే పోరాడింది. వాళ్ల చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. యంత్రం మొండికేస్తే గ్రెమ్లిన్ అనే కొంటె దయ్యం పనే అనుకోవడం బ్రిటిష్ వాయుసేనలో అలవాటు. మనమైతే నిమ్మకాయ కట్టేవాళ్లం.

రోల్స్‌రాయిస్ వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. కార్బొరేటర్ నుంచి వచ్చిన పెట్రోలు, గాలిని ఒత్తి ఇంజనులోకి తోసే సూపర్‌చార్జర్‌లోకి వెళ్లేలోపు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది, మట్టికుండ నీళ్లను చల్లబరిచినట్టే. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి సిలిండర్లో ఎక్కువ పడుతుంది, బలం పెరుగుతుంది. ఆ లాభం వాళ్లు వదులుకోదల్చుకోలేదు.

మందు కనిపెట్టింది ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్. 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బైకును గంటకు 160 కిలోమీటర్లు దాటించిన మనిషి! ట్యాంకు బంతి మాట వినకపోతే ఏం చేస్తాం? నీళ్లొచ్చే పైపునే సన్నం చేస్తాం. ఆమె చేసిందీ అదే. మధ్యలో చిల్లున్న చిన్న ఇత్తడి ముక్క, మొదట దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తానా ఆకారంలో, తర్వాత మామూలు వాషరులా. పూర్తి బలంతో నడిచే ఇంజనుకు ఎంత కావాలో అంతే పట్టేలా చిల్లు కొలత. వాల్వు బార్లా తెరుచుకున్నా వరద రాదు. విమానం నుంచి ఇంజను దించే పనే లేదు. 1941 మార్చి నుంచి ఆమె తన బృందంతో స్థావరం తర్వాత స్థావరం తిరిగి వీటిని బిగించింది, ఆ నార్టన్ మీదే. పైలట్లు దానికి పెట్టిన కొంటె పేరు ‘మిస్ షిల్లింగ్ చిల్లు’. అప్పటికే ఆమెకు పెళ్లయింది, అయినా మిస్సే!

మొదటి దగ్గు మాత్రం మిగిలిపోయింది. 1943లో ఫ్లోటూ గిన్నే లేని ప్రెషర్ కార్బొరేటర్ వచ్చాక అదీ పోయింది.