మెడికల్ బోర్డు రాసిన ఒక్క వాక్యం: జవాన్ల డిజెబిలిటీ పెన్షన్ వివాదం వెనక కథ

జబ్బుతో సైన్యం నుంచి ఇంటికొచ్చిన జవాను పెన్షన్ ఫైలు చాలాసార్లు ఒకే వాక్యం దగ్గర ఆగిపోతుంది. "ఈ వైకల్యానికి మిలటరీ సర్వీసు కారణం కాదు, సర్వీసు వల్ల అది ముదరనూ లేదు" అని మెడికల్ బోర్డు రాసే వాక్యం అది. ఫౌజీల మాటల్లో దాని పొట్టి పేరు 'నానా' (ఇంగ్లిష్‌లో Neither Attributable Nor Aggravated). ట్రిబ్యునళ్లు, హైకోర్టులు, సుప్రీంకోర్టు కొన్ని దశాబ్దాలుగా విచారిస్తున్న డిజెబిలిటీ పెన్షన్ కేసుల్లో పెద్ద భాగం ఈ వాక్యం చుట్టూ తిరిగినవే.

మూలం 1961 నాటి ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్లలోని 173వ నిబంధన. వైకల్యం సర్వీసు వల్ల వచ్చినదో, సర్వీసులో ముదిరినదో అయి ఉండాలి. 20 శాతానికి తగ్గకూడదు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, తగ్గేకొద్దీ ఆ దామాషాలో ఇస్తారు. 20 శాతమంటే జీతంలో 6 శాతమన్నమాట. ఇంత చిన్న మొత్తానికి ఇన్నేళ్ల వ్యాజ్యమా అనిపించవచ్చు. జవానుకు మామూలు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. డిజెబిలిటీ పెన్షన్‌కు ఆ గడువు లేదు, పైగా దానితోపాటు పనిచేసిన కాలానికిచ్చే సర్వీసు భాగం కూడా కలిసి వస్తుంది. ఏడెనిమిదేళ్లకే బోర్డు అవుటైన, అంటే జబ్బు కారణంగా ఇంటికి పంపేసిన కుర్రాడికి నెలనెలా ఎంతో కొంత చేతికందుతుందా, అసలేమీ రాదా అన్నది ఆ ఒక్క వాక్యమే తేలుస్తుంది.

1982 నాటి ఎంటైటిల్‌మెంట్ నియమాలు చదివితే అన్నీ జవాను పక్షాన ఉన్నట్టే కనిపిస్తాయి. భర్తీ అప్పుడు డాక్టర్లు ఏ జబ్బూ నమోదు చేయకపోతే అతను ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత ఆరోగ్యం చెడితే అది సర్వీసులో చెడినట్టే. రుజువు చేసే భారం జవానుది కాదు; అనుమానం మిగిలితే మేలు అతనికే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో, బ్రిటన్ తన సైనికుల పెన్షన్ విషయంలో రుజువు భారాన్ని వాళ్ల మీద నుంచి దించేసింది.

అయితే మన నియమాల్లోనే ఒక సందు ఉంది. భర్తీ సమయంలో ఫలానా జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని డాక్టర్లు కారణాలతో రాస్తే పై ఊహలేవీ వర్తించవు. ఆచరణలో ఆ 'కారణాలతో' అన్న మాట ఎగిరిపోయింది. బోర్డు 'నానా' అని రాస్తుంది, పెన్షన్ మంజూరు అధికారి దాన్నే ఎత్తి రాసి తిరస్కరిస్తాడు. మొదటి అప్పీలు, రెండో అప్పీలు కూడా రక్షణ శాఖ కమిటీల ముందే కాబట్టి అక్కడా ఎక్కువగా అదే జవాబు. కోర్టుకు వెళ్తే అక్కడా చాలాకాలం మెడికల్ బోర్డు మాటే నెగ్గింది. 2007లో కేశర్ సింగ్ కేసు, 2009లో దామోదరన్ కేసు, ఇలా వరసగా సుప్రీంకోర్టు నిపుణుల అభిప్రాయానికే పెద్దపీట వేసింది.

మలుపు 2013 జులైలో వచ్చింది. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరిన సిపాయి. మూర్ఛ కారణంగా 1994లో 20 శాతం శాశ్వత వైకల్యంతో ఇంటికి పంపేశారు, పెన్షన్ లేదన్నారు. హైకోర్టు సింగిల్ జడ్జి ఇమ్మన్నారు, డివిజన్ బెంచ్ వద్దంది. సుప్రీంకోర్టు నియమాలను ఒక్కొక్కటిగా చదివి, భర్తీ రికార్డులో మూర్ఛ ప్రస్తావన ఎక్కడుందని అడిగింది. లేదు. మరి బోర్డు కారణాలేమైనా రాసిందా? అదీ లేదు. పెన్షన్ ఇవ్వాల్సిందేనని తేల్చేసింది. నియమాల్లో కొత్తగా ఏదీ చేర్చలేదు. ముప్పై ఏళ్లుగా అచ్చులో ఉన్నదాన్నే చదివింది, అంతే.

మరుసటి ఏడాది సుఖ్‌విందర్ సింగ్ కేసులో ఇంకో అడుగు పడింది: ఉద్యోగం నుంచే తప్పించేంత వైకల్యం 20 శాతానికి పైనే ఉందనుకోవాలి. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసుతో, వైకల్య శాతాన్ని పైకి సర్ది లెక్కగట్టే రౌండింగ్ సదుపాయం పూర్తికాలం పనిచేసి రిటైరైనవాళ్లకూ దక్కింది. 20 శాతం వైకల్యాన్ని 50 శాతంగా లెక్కగడితే జీతంలో 6 శాతం కాస్తా 15 శాతం అవుతుంది.

ఈలోగా 2007 చట్టంతో పుట్టిన సాయుధ దళాల ట్రిబ్యునల్ 2009లో పని మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసులను చెన్నై బెంచ్ కింద చేర్చారు. శ్రీకాకుళం జవానుకు చెన్నై ఏమంత దగ్గర? అయినా జవాన్లు గెలవడం మొదలైంది, గెలిచిన వాళ్ల మీద ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లడమూ మొదలైంది. 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వేసిన నిపుణుల కమిటీ ఈ అప్పీళ్లను తప్పుబట్టింది. ఆ తర్వాత కూడా అవి ఆగలేదు.

ఈ ఆలస్యానికి ఖరీదుంది. 2008లో తర్‌సేమ్ సింగ్ కేసు చూడండి. 1983లో ఇంటికొచ్చిన వ్యక్తి 1999లో కోర్టు తలుపు తట్టాడు. పెన్షన్ ఇవ్వాలన్నారు గానీ, బకాయిలు కేసు వేసిన నాటికి ముందున్న మూడేళ్లకే పరిమితం చేశారు. పదమూడేళ్ల సొమ్ము నీళ్లపాలు. నియమాలు తెలియక ఊళ్లో ఊరుకున్న జవాన్లే ఈ తీర్పుతో ఎక్కువ నష్టపోయారు.

ప్రభుత్వ వాదనలో పసేమీ లేదనలేం. బీపీ, షుగర్ లాంటి జీవనశైలి జబ్బులతో ఈ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు ఎక్కువయ్యారనీ, జవాన్లకంటే అధికారుల్లో ఆ నిష్పత్తి బాగా ఎక్కువనీ కాగ్ ఎత్తిచూపింది. అది న్యాయమైన ప్రశ్నే. కానీ నియమాల బిగింపు హోదా చూసి తగిలేది కాదు. 2008 నియమాలు రుజువు భారం 'సాధారణంగా' జవానుది కాదన్నాయి. ఇంటికొచ్చిన 15 ఏళ్ల తర్వాత అడిగితే మాత్రం అతనిదేనన్నాయి. సర్వీసులో ఉండగా జబ్బు బయటపడినంత మాత్రాన సర్వీసే కారణమని అనుకోనక్కర్లేదన్న మాట కూడా అందులో చేరింది. 2023 సెప్టెంబరు 21న మరో కొత్త నియమావళి వచ్చింది. జబ్బుతోనే సర్వీసు పూర్తి చేసుకుని రిటైరైన వాళ్లకిచ్చే సొమ్ముకు 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అని పేరు మార్చింది.

కోర్టుల దారి కూడా మూసుకుని తెరుచుకుంది. ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టుకు వెళ్లకూడదని 2015లో అన్న సుప్రీంకోర్టు, 2023 మార్చిలో పరశోతమ్ దాస్ కేసులో వెళ్లవచ్చంది. ఓడిన జవానుకు ఊరట అనుకున్న ఈ దారిని ప్రభుత్వమూ బాగానే వాడుకుంది: కేంద్రం వేసిన దాదాపు 300 పిటిషన్లను 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు ఒక్కసారిగా కొట్టేసింది. అంతకు ముందు మే నెలలో, స్కిజోఫ్రీనియాతో ఇంటికొచ్చిన జవాను రాజుమోన్ కేసులో, బోర్డు కారణాలు రాయకుండా ఇచ్చిన అభిప్రాయం చెల్లదని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ధరమ్‌వీర్ సింగ్ తీర్పు వచ్చి అప్పటికి దాదాపు పన్నెండేళ్లు.