అపోహలు - వాస్తవాలు: వైన్ ఉంటే విండోస్‌తో పనే లేదా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. అప్పటినుంచి నెల్లూరులో, ఒంగోలులో పాత సిస్టమ్ తెచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "లినక్స్ వేసి వైన్ పెట్టుకుంటే అన్నీ నడుస్తాయంట గదా అన్నా?"

లినక్స్ అంటే విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, వైన్ అంటే దానిమీద విండోస్ ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్. కానీ అన్నీ నడవవు. ఆ "అన్నీ" నమ్మి డిస్కు ఫార్మాట్ కొట్టించుకున్నాక వెనక్కి తిరగడం కష్టం.

వైన్ ఎమ్యులేటర్ (ఇంకో కంప్యూటర్‌ను మొత్తంగా అనుకరించేది) కాదు. ప్రోగ్రాం విండోస్‌ను అడిగేవాటిని (ఫైలు తెరువు, విండో గియ్యి) లినక్స్‌కు అర్థమయ్యేటట్టు మార్చి ఇస్తుంది, అంతే. ప్రోగ్రాం అడిగేది అంతవరకే అయితే చాలాసార్లు నడుస్తుంది. విండోస్ డ్రైవర్ (తగిలించిన పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం) కావాలంటే మాత్రం చిక్కే. డ్రైవర్ కూర్చోవాల్సింది కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో), ఇక్కడున్నదేమో లినక్స్ కెర్నెల్. లైసెన్సు డాంగిళ్లు (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే తాళాలు), డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర స్కానర్లు మొండికేసేది ఇందుకే.

అట్లాగని మెషీన్ తగిలించే ప్రతిదీ ఆగిపోదు. చీమకుర్తి గ్రానైట్ లారీలు తూచే కాటా సంగతే చూడండి. తూకం చూపించే ఇండికేటర్ నుంచి వచ్చేది సీరియల్ కేబులు. సీరియల్ పోర్టు వైన్‌కు తెలుసు. కానీ యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే దానికి సాధారణంగా కామ్33 అని పేరు పడుతుంది (సీరియల్ పోర్టులకు విండోస్ పెట్టే పేర్లే కామ్1, కామ్2 వగైరా). పాత కాటా సాఫ్ట్‌వేర్ కామ్1 నుంచి కామ్4 దాకే చూపిస్తుంది, తూకం సున్నా దగ్గరే నిలబడుతుంది. వైన్ రిజిస్ట్రీలో (సెట్టింగులు దాచే చోట) పోర్ట్స్ అనే కీ కింద కామ్1కి ఆ కన్వర్టర్ పేరు రాసి, వైన్ ఆపి మళ్లీ తెరవాలి. ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాల్లో యూజర్‌ను డయలౌట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) చేర్చి లాగౌటై రావాలి. చాలామంది మరిచేది ఈ లాగౌటే.

టోకెన్ కావాల్సినవాళ్లకు దారి వర్చువల్ బాక్స్, అంటే లినక్స్ లోపలే అసలు విండోస్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చెయ్యండి. 8 జీబీ ర్యామ్ ఉంటే లోపలి విండోస్‌కు 4 ఇవ్వండి, 4 మాత్రమే ఉంటే ఆ ఆలోచనే వద్దు. యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేరిస్తేనే టోకెన్ కనబడుతుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే సెట్టింగు) ఆన్‌లో ఉండి, వర్చువల్ బాక్స్ కెర్నెల్ మాడ్యూల్‌కు సంతకం లేకపోతే లోపలి విండోస్ మొదలే కాదు. లోపలి విండోస్‌కూ లైసెన్సు కావాలి, అది ఉచితం అనేది ఇంకో పుకారు.

"లినక్స్‌కు వైరస్ రాదు" అంటారు. కానీ వైన్‌లో జెడ్ డ్రైవ్ అంటే మీ లినక్స్ ఫైళ్లే. వైన్‌లో నడిపిన దొంగ ఈఎక్స్‌ఈ (విండోస్ ప్రోగ్రాం ఫైలు), మీకు రాసే హక్కున్న ఫైళ్లన్నిటినీ పాడుచేయగలదు.

"లిబ్రె ఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీసుకు బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో) తెలుగు పాడవుతుంది" అన్నది సగమే నిజం. అను ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషు గజిబిజిగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో కొట్టినవాటికి ఆ బాధ లేదు. వరసలు జరగకూడదంటే పీడీఎఫ్ పంపండి.

భయపడి కొత్త కంప్యూటర్ కొనాల్సిన పనీ లేదు. పాత డిస్కు ముట్టుకోకుండా విప్పి పక్కన పెట్టి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలించి దానిమీద లినక్స్ వెయ్యండి. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. నెలాఖరు బిల్లులు, రిటర్నులు ఒకసారి పూర్తిగా కొత్తదాంట్లో చేసి చూసేదాకా పాత డిస్కును ఎవరికీ ఇవ్వకండి.