"మార్షల్ రాలేదు సార్": ఎకనామిక్స్ ఒలింపియాడ్ అపోహలు - వాస్తవాలు

"మాస్టారూ, ఎకనామిక్స్ ఒలింపియాడ్‌కి మీ దగ్గర నోట్స్ ఉందట. జెరాక్స్ తీయించుకుంటాం." ఈ నెలలో ఇలాంటి ఫోన్లు ఎన్నొచ్చాయో లెక్కలేదు. విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను, ఆసక్తి ఉన్నవాళ్లను ఆదివారాలు ఈ పోటీలకు తయారు చేస్తాను. నోట్స్ మాత్రం లేదు.

అపోహ: నోట్స్ బట్టీ పడితే చాలు

ఈ తప్పు ముందు చేసింది నేనే. మొదటి బ్యాచ్‌కి ఎనభై పేజీలు డిక్టేట్ చేశాను. ఆర్థికశాస్త్రం అంటే ఏమిటో ఆర్థికవేత్తలు చెప్పిన మార్షల్ శ్రేయస్సు నిర్వచనం, రాబిన్స్ కొరత నిర్వచనం, ఒకే వస్తువు వాడేకొద్దీ అదనపు తృప్తి తగ్గుతుందనే క్షీణోపాంత ప్రయోజన సూత్రం, దాని మినహాయింపులు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవారు. పరీక్ష రాసి బయటికొచ్చిన అమ్మాయి మొదటి మాట, "మార్షల్ రాలేదు సార్." రాబిన్సూ రాలేదు. తప్పు నాది. కానీ తనకే తెలివి లేదనుకుని ఆ పిల్ల మళ్లీ పోటీ పేరెత్తలేదు.

మరి ఏమడుగుతారు? మన తీరాన్నే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. చేప ధర పెరుగుతుంది. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాత చాలామంది రాసేది: "ధర పెరిగింది కాబట్టి డిమాండ్ తగ్గుతుంది, డిమాండ్ తగ్గింది కాబట్టి ధర మళ్లీ తగ్గుతుంది." గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతారు. నిజానికి గ్రాఫ్‌లో ఎడమకు జరిగింది సప్లయ్ రేఖ, అంటే ఏ ధరకైనా బజారుకొచ్చే చేప తగ్గింది. చేపల డిమాండ్ రేఖ కదలనే లేదు. కొనేవాళ్లు ఆ రేఖ మీదే పైకి వెళ్లారు, కొన్న పరిమాణం తగ్గింది. కదిలేది కోడిమాంసం డిమాండ్ రేఖ, కుడివైపుకి, ప్రత్యామ్నాయ వస్తువు కాబట్టి. డిమాండ్‌లో మార్పు వేరు, డిమాండ్ పరిమాణంలో మార్పు వేరు అన్న పేజీ పిల్లలకు కంఠతా వచ్చు. చేపల బజార్లో నిలబెడితే గుర్తుపట్టలేరు.

కళింగపట్నం వైపు నుంచి మత్స్యకారుల అబ్బాయి ఒకడు వచ్చేవాడు. ఒక్క నిర్వచనం సరిగా అప్పజెప్పడు. వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్నది) తక్కువైతే ధర పెరిగినప్పుడు అమ్మేవాళ్ల మొత్తం రాబడి పెరుగుతుందని నేను బోర్డు మీద రాస్తే లేచాడు. "ఎవుల రాబడి మాస్టారూ? తెప్పలోడికి పెరుగుతాది. బోటు ఒడ్డునెట్టినోడికి ఏటి పెరుగుతాది?" మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు మరి. ఆ ప్రశ్న నా ఎనభై పేజీల్లో లేదు.

అప్పటినుంచి మా ఆదివారాలు పేపర్లో వార్త చదివి, గ్రాఫ్ గీసి, ఏ రేఖ ఎందుకు కదిలిందో కొట్లాడుకోవడమే.

మిగతా అపోహలు

ఎంపీసీ పిల్లలు రాయకూడదట. ఎవరు చెప్పారో! గ్రూపుతో పని లేదు, లెక్కల భయం లేనివాళ్లకు ఇంకా సులువు.

ఈ పోటీని హోమీ భాభా కేంద్రం నిర్వహిస్తుందట, గెలిస్తే ఈఏపీసెట్‌లో మార్కులు కలుపుతారట. రెండూ వాట్సాప్ మాటలే. ముంబైలోని ఆ కేంద్రం చూసేది లెక్కలు, సైన్సు ఒలింపియాడ్లు. అంతర్జాతీయ ఎకనామిక్స్ ఒలింపియాడ్ వేరు, 2018లో మాస్కోలో మొదలైంది. పేరులో ఒలింపియాడ్ ఉన్న ప్రతి పరీక్షా అక్కడికి దారి కాదు. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: ఇది గెలిస్తే తర్వాతి రౌండ్ ఏది? జవాబు నసిగితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇంగ్లిష్ రాకపోతే ఎలా? ఈ భయాన్ని మాత్రం కొట్టిపారేయను. అంతర్జాతీయ పోటీ ఇంగ్లిష్‌లోనే. థియరీ, ఆర్థిక అక్షరాస్యతతో పాటు బిజినెస్ కేస్ కూడా ఉంటుంది, దాన్ని జట్టుగా జడ్జీల ముందు వివరించాలి. తెలుగు మీడియం పిల్లలు అక్కడ టెన్షన్ పడతారు. ముందు తెలుగులోనే ఆలోచించి గ్రాఫ్ గీయండి, తర్వాత వాడాల్సిన ఇంగ్లిష్ మాటలు నేర్చుకోండి. ఆ మాటల పట్టిక ఒకటి నా దగ్గరుంది. అది కావాలంటే జెరాక్స్ తీయించుకోండి.